సున్నా రాసిన మనిషి

పోయిన వారం మీరు పత్రిక మూసేటప్పటికి మా మరిది శ్రీనివాసప్ప పెరట్లో వానకొలత కంచె పక్కన కూర్చుని ఉన్నాడు. ఈ వారం కూడా అక్కడే ఉన్నాడు. హనుమక్క పెట్టిన సంగటిముద్ద తట్టలోనే పగుళ్లిచ్చింది. పెళ్లాం కాబట్టి హనుమక్క రెండుసార్లు తిట్టింది, వదినను కాబట్టి నేను ఒకసారి బతిమాలాను. రెంటికీ అతను ముద్ద మీద చెయ్యి వెయ్యలేదు.

మధ్యలో వచ్చినవాళ్లకు రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. చాకవేలుకు దగ్గర్లో, ఆంధ్రా ఎల్లకు కన్నడం పక్కన మా ఊరు. మా పెరట్లో సర్కారువాళ్ల వాన కొలిచే గొట్టాలు రెండున్నాయి. ఒకటి పాతది, మా ఇంటాయన సుబ్బరాయప్ప ఉన్నప్పుడు పెట్టించింది. దాని లోపల సీసా ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లను గీతల గ్లాసులోకి వంచి, ఎంత ఉంటే అంత పుస్తకంలో రాయాలి. ఆయన పోయినప్పట్నుంచి ఇరవైయేడేళ్లుగా ఆ పని శ్రీనివాసప్పది. జ్వరమొచ్చినా, కూతురి పెళ్లి రోజైనా ఆ ఎనిమిదిన్నర తప్పలేదు. రెండో గొట్టం నిరుడు వచ్చింది. తెల్లగా, నున్నగా, జానెడు నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి మనిషితో పని లేదు, చినుకు పడితే తనే లెక్కపెట్టి బెంగళూరుకు చెప్పేసుకుంటుంది.

ఈ ఏడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కరువు పట్టీలో చేరాయి. మాది చేరలేదు. వరసగా మూడు వారాలు వాన లేకపోతేనే కరువని వాళ్ల లెక్క. శ్రావణంలో మూడో సోమవారం మా ఊళ్లో ముప్పై ఒక్క మిల్లీమీటర్ల వాన పడిందని కొత్త యంత్రం బెంగళూరుకు చెప్పింది. ఆ దినానికి శ్రీనివాసప్ప పుస్తకంలో ఉన్నది సున్నా. యంత్రానికి అబద్ధమాడే అవసరం లేదు కాబట్టి మనిషే ఆడి ఉండాలని తాలూకు కచేరిలో తేల్చుకున్నారు. సర్కారు గడ్డి కోసం, నీళ్ల ట్యాంకరు కోసం కావాలని సున్నా రాశాడన్నారు. శుక్రవారం తనిఖీకి వస్తామని కాయితం పంపారు. ఆ సున్నా తప్పని తేలితే ఊరికి గడ్డీ రాదు, ట్యాంకరూ రాదు, ఇరవైయేడేళ్లు రాసిన మనిషి దొంగలెక్కల మనిషిగా మిగిలిపోతాడు.

ఆ ముప్పై ఒకటి ఎక్కడినుంచి వచ్చిందో ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. అది మీకూ చెప్పాను, యంత్రంలో నీళ్లు పోసింది నేనేనని. మా మరిదికి మాత్రం చెప్పలేదు. నలభై దినాలుగా చెప్పాలనుకుంటూ, వక్కాకు సంచి తెరవడం, ఒక వక్క నోట్లో వేసుకోవడం, మాటను దాంతోపాటు నమిలి మింగేయడం. ఇదే నా పని.

నేను కరువులు చూడని మనిషిని కాను. పెళ్లయి వచ్చిన రెండో ఏడు చింతగింజలు వేయించి దంచి అంబలి కాచుకున్నాం. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు పాపాగ్ని ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని, చిప్పతో తోడుకుని, ఒక బిందె నిండేటప్పటికి పొద్దెక్కేది. ఆ కరువులకు ఒక మొదలూ, ఒక కొసా ఉండేవి. ఇప్పటిది అట్లా కాదు. పన్నెండు వందల అడుగులు బోరు వేస్తే దుమ్ము లేస్తుంది. ఒక దినం మబ్బు వస్తుంది, అందరం లేచి చూస్తాం, మళ్లీ కూర్చుంటాం. మూడేళ్లుగా లేచి కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి.

శుక్రవారం పది గంటలకు జీపు వచ్చింది. దిగినవాళ్లు ఇద్దరు. ఒకాయన తాలూకు కచేరి నందీశ్. పొట్టిగా, చెమటతో తడిసిన చొక్కాతో, ఆ దినం ఇంకా ఏడు ఊళ్లు తిరగాల్సిన మనిషి మొహంతో ఉన్నాడు. రెండో ఆమె గార్గి. ముప్పై ఏళ్లుంటాయేమో. నంది కొండల దగ్గర పుట్టి ఆంధ్రా దాకా పోయే మా పాపాగ్ని దోవలో ఎన్ని యంత్రాలున్నాయో అన్నిటినీ ఆ పిల్ల బెంగళూరులో కూర్చుని చూసుకుంటుందట. వాళ్లింట్లోనూ తెలుగే. నన్ను అవ్వా అంది. ఫోను తెరిచి ఒక పటం చూపించింది. నది పొడుగూతా ఎర్రగా, ఎండిన మిరపకాయ రంగులో ఉంది. మధ్యలో ఒక్క చుక్క పచ్చగా. అది మా పెరడు. ఆ పచ్చదనం చూసి నేను ఇంకో వక్క నోట్లో వేసుకున్నాను.

నందీశ్ చెడ్డవాడేమీ కాదు. పని తొందరగా ముగించుకోవాలని ఉంది, అంతే. చేంతాడంత చెప్పి చివరకు అతను అడిగింది ఒక్కటే. పుస్తకంలో ఆ దినం సున్నా కొట్టేసి ముప్పై ఒకటి రాసి, పక్కన సహి చెయ్యమన్నాడు. పెద్దాయనకు చూపు ఆనలేదు, పొరపాటైంది అని తను పైవాళ్లకు వరది రాసి పంపుతాడట. కేసు లేదు, గొడవ లేదు, పని కూడా పోదు. మా పక్క వాన సంగతి తెలిసిందే కదా, ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన, పక్క ఊళ్లో లేకపోతే ఇక్కడ పడకూడదా అన్నాడు. పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు.

శ్రీనివాసప్ప పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. అతను రాసేస్తాడేమోనని, రాసేస్తే బాగుండునని ఒక్క క్షణం నాకు అనిపించిన మాట దాచను.

"పడని వాన యెట్ల రాసేదప్పా," అన్నాడు చివరికి. "ఆ పొద్దు సీసా ఎండుకోని ఉండె. నా కండ్లు పోయినాయని రాసుకో, రాసుకునేది నీ ఇష్టం. ఆ సీసాను మాత్రం తడపలేను."

పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

గార్గి ఇదంతా వింటూనే సంచిలోంచి మరమేకులు విప్పే పనిముట్టు తీసింది. కంచె తలుపు బీగం తియ్యమంది. శ్రీనివాసప్ప మొలతాడుకు కట్టుకున్న బీగంచెవితో తీశాడు. ఆ తలుపుకు బీగంచెవులు రెండే. ఒకటి అతని మొలకు, ఇంకొకటి మా ఇంటాయనది, నా వక్కాకు సంచిలో.

ఆ పిల్ల తెల్ల గొట్టం పైభాగాన్ని విప్పి పక్కన పెట్టింది. లోపల ఏముందో నేను అదే మొదటిసారి చూడటం. చిన్న తక్కెడ. రెండు వైపులా చెంచాల మాదిరి రెండు తట్టలు. ఒకటి నిండితే వంగి ఒలికిపోతుంది, రెండోది పైకి లేస్తుంది. ఎన్నిసార్లు వంగితే అంత వాన. ఇంతేనా అనిపించింది. మా ఊరి బతుకంతా ఆ చెంచాల్లో ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ చెంచాల అంచున పసుపు ఎండి అంటుకుని ఉంది. గరాటు జల్లెడలో ఒక వేపాకు.

గార్గి ఆకును వేళ్లతో పట్టుకుని లేచి నిలబడింది. నందీశ్ దాన్ని చూశాడు, గొట్టం మీద వెలిసిపోయిన కుంకుమ బొట్టును చూశాడు, మా ముగ్గురినీ చూశాడు. దీనికి పూజ చేసిందెవరు అని అడిగాడు. హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా నోట్లో వక్క రాయిలాగ అయిపోయింది.

"నేనే," అన్నాడు శ్రీనివాసప్ప. "నేనే పోసినా నీళ్లు."

నేను ఆ ఇంటికి వచ్చి యాభై ఏళ్లు దాటింది. అతని నోట అబద్ధం వినడం అదే మొదలు.

నందీశ్ మొహం మారిపోయింది. చూపు ఆనలేదంటే ఒకటి, సర్కారు యంత్రంలో నీళ్లు పోశానంటే ఇంకొకటి. ఇప్పుడు కేసు పెట్టక తప్పదన్నాడు. పొయ్యడమూ నీవే, సున్నా రాయడమూ నీవే, ఏం ఆట ఆడుతున్నావప్పా అని కాయితం తీశాడు. గార్గి మాత్రం తొందరపడలేదు. ఎంత పోశావు తాతా అని మెల్లగా అడిగింది.

శ్రీనివాసప్ప తడుముకున్నాడు. "ఒక బిందె," అన్నాడు.

"బిందె పోసుంటే నాలుగు నూర్ల మీద చూపించల్ల తాతా. ముప్పై ఒకటి రాదు."

అబద్ధమాడటానికి కూడా అలవాటుండాలి. పాపం, అతనికి కొలత తప్పింది.

అప్పుడు నేను వక్క ఊసేసి లేచాను.

"బిందె కాదమ్మా, చెంబు. పోసింది నేను."

"వదినా, నువ్వు లోపలికి పో," అన్నాడు శ్రీనివాసప్ప.

"లోపల ఏముండాదప్పా, ఆడా ఎండే."

నేను చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. మా పక్క వాన కోసం వానదేవుడు మళెరాయణ్ని ఎత్తుతారు. పుట్టమన్నుతో బొమ్మ చేసి, పలక మీద పెట్టి, ఒకరు నెత్తిన మోసుకుని ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడమనిషీ పసుపు, వేపాకు వేసిన చెంబుడు నీళ్లు బొమ్మ మీద పోయాలి. ఆ సోమవారం శ్రీనివాసప్ప గడ్డి కోసం చింతామణి పోయి ఉన్నాడు. మళెరాయడు మా ఇంటికి ఆఖర్న వచ్చాడు. అప్పటికే బొమ్మ సగం కరిగిపోయి, మూతీ ముక్కూ లేకుండా ఉన్నాడు. ఇంక పోస్తే నెత్తిమీది పలక ఒక్కటే మిగులుతుందని మోసే ఆయన నవ్వి, మీ ఇంటి నీళ్లు వద్దులే అవ్వా అని పోయాడు. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. పసుపు వేసిన నీళ్లు, తాగడానికి పనికిరావు. దేవుడికని ఎత్తిన నీళ్లు బిందెలో తిరిగి పోయకూడదు.

మా ఇంటాయన ఒక మాట అనేవాడు. ఈ గొట్టం నోట్లో ఏం పడితే అదే ఊళ్లో పడిన వాన, సర్కారుకు వేరే వాన తెలియదు అని. ఆ మాట గుర్తొచ్చింది. వాన కొలిచే నోరే ఇట్లా ఎండుకుపోయి ఉంటే వాన ఏ మొహం పెట్టుకుని వస్తుందనిపించింది. కంచె తెరిచి లోపలికి పోయాను. రెండు గొట్టాలకూ బొట్టు పెట్టాను. పాతదాంట్లో పోయలేదు. అందులో సీసా ఉంది, పోస్తే మా మరిది లెక్క తప్పుతుంది, ఆ మాత్రం నాకు తెలుసు. కొత్తదాంట్లో సీసా లేదు. పోసినవి పోసినట్టు కింద నేలలోకి కారిపోతున్నాయి. నిలవని నీళ్లకు లెక్కెక్కడిది అనుకుని చెంబు మొత్తం వంచేశాను. దండం కూడా పెట్టుకున్నాను.

హనుమక్కే ముందు నోరు తెరిచింది. "వానదేవుడికి పోసేది పోయి సర్కారుకు పోసినావా అక్కా. ఇంతకాలం నోట్లో ఏం పెట్టుకోనుంటివి?"

వక్క అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు.

నందీశ్ ఇదంతా మరిదిని కాపాడటానికి కట్టిన కథ కాదని ఎట్లా నమ్మేది అన్నాడు. న్యాయమైన మాటే. గార్గి యంత్రాన్ని మళ్లీ బిగించి, ఇప్పుడు పోసేది బెంగళూరు లెక్కలోకి పోకుండా ఏదో నొక్కి, ఆ చెంబే తీసుకురమ్మంది. తెచ్చాను. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు, కంఠం దగ్గర సొట్ట. ఆ దినం ఎంత నింపానో అంతే నింపాను. కింద కారే నీళ్లకు హనుమక్క అడగకుండానే బక్కెట్టు పెట్టింది. ఆవు తాగుతుంది కదా.

పోశాను. లోపల తక్కెడ టిక్కు టిక్కుమంటూ వంగడం మొదలుపెట్టింది. వాన చప్పుడు ఎట్లా ఉంటుందో మరిచిపోయిన పెరట్లో ఆ టిక్కుటిక్కు వింటూ ఐదుగురం నిలబడి ఉన్నాం. నేను గట్టు మీద కూర్చున్నాను. అది ఆగింది. గార్గి ఫోను చూసి నందీశ్ వైపు తిప్పింది. ముప్పై ఒకటి. ఆరు నిమిషాలు పట్టింది. ఆ సోమవారం కూడా పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు మొదలై ఆరు నిమిషాల్లోనే అయిపోయిన వాన అది, అందుకే నాకు మొదట్నుంచి అనుమానంగా ఉండింది అని చెప్పింది.

తర్వాత ఆ పిల్ల ఇంకో మాట అంది, అది నేను చచ్చేదాకా మరిచిపోను. పసుపంటిన ఆ వేపాకును అరచేతిలో పెట్టుకుని, "అవ్వా, ఇది నలభై దినాల పసుపు. ఈ నలభై దినాల్లో ఒక్క వాన పడినా కడుక్కోని పోయేది. తాత రాసిన సున్నాలన్నిటికీ ఇదే సాక్షి," అంది.

నందీశ్ పెన్ను మూత మళ్లీ తీశాడు. ఆ దినం వాన లేదు, యంత్రంలో పూజ నీళ్లు పడ్డాయి, పుస్తకమే సరి అని రాశాడు. రాసింది చదివి వినిపించాడు. కేసు మాట ఎత్తలేదు. ముసలమ్మ మీద కేసు పెడితే నా ఇంట్లో నాకు అన్నం పెట్టరు అని గొణిగాడు. వారంలో గడ్డి వస్తుందన్నాడు. శ్రీనివాసప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, తుడుస్తూ చాలాసేపు తువ్వాలు దించలేదు.

నీకు ముందే తెలుసా అని మరిదిని అడిగాను. "తెల్లారే చూసినా, గొట్టానికి బొట్టు," అన్నాడు తువ్వాల్లోంచే. "నువ్వు తప్ప ఇంకెవరు పెడ్తారు. అడిగితే అన్న బీగంచెవి తిరిగిచ్చేస్తావు వదినా, అది నీ దగ్గర ఉంటే నాకు ధైర్యంగా ఉండె."

నాకు ఏడుపు రాలేదు. అలసటే వచ్చింది. నలభై దినాలుగా మోసిన మూట దించితే నడుము నిలబడుతుందనుకున్నాను గానీ, ఇంకా వంగిపోయింది. హనుమక్క పాలు లేని కాఫీ కాచి నలుగురికీ ఇచ్చింది. నా గ్లాసులో బెల్లం కొంచెం ఎక్కువే వేసింది. అంటే కోపం సగం పోయిందన్నమాట.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నేనీపాటికి కాళ్లు చాపుకుని పడుకుని ఉండేదాన్ని.

గార్గి కాఫీ తాగుతూ శ్రీనివాసప్ప పుస్తకం ఒళ్లో పెట్టుకుని తిరగేస్తోంది. ఆ అక్షరాలు చూసి ముచ్చటపడుతోందనుకున్నాను. ఇరవైయేడేళ్లలో ఒక్క కొట్టివేత లేదు. ఆషాఢం పుటల దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగింది. ఒక దినం మీద వేలు పెట్టింది, నాలుగు దినాల తర్వాతి దాని మీద ఇంకో వేలు. ఫోను చూసింది. మళ్లీ పుస్తకం చూసింది. గ్లాసు కింద పెట్టేసింది.

ఆ రెండు దినాలూ పుస్తకంలో పదహైదున్నర. యంత్రంలోనూ పదహైదున్నర. రెండూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఎవరూ వాటి జోలికి పోలేదు. కానీ ఆ రెండు దినాలు చుట్టూ ఐదు ఊళ్ల యంత్రాల్లో చినుకు లేదట.

"చెంబు ముప్పై ఒకటి," అంది గార్గి, తనలో తను అనుకున్నట్టు. "రెండు గొట్టాల్లో చెరిసగం పోస్తే పదహైదున్నర." నా వైపు చూసింది. "అవ్వా, అప్పుడు కూడా మళెరాయణ్ని ఎత్తినారా?"

ఎత్తినట్టు వినలేదు. ఎత్తి ఉన్నా నాకు తెలియదు. అరవై ఏళ్ల వానలు తేదీలతో సహా చెప్పగల మనిషిని నేను, ఆ రెండు దినాలు మాత్రం చెప్పలేను. ఆషాఢ పున్నమికి కైవారం గుడికి భజన సేవకు పోయి ఇరవై దినాలు అక్కడే ఉన్నాను. వక్కాకు సంచి నాతోనే ఉంది. సంచిలో బీగంచెవి ఉంది.

ఇది నేను పైకే అన్నాను. అన్నాక గానీ ఏం అన్నానో నాకు తెలియలేదు.

రెండు బీగంచెవుల్లో ఒకటి కైవారంలో ఉంటే, కంచె తెరవగలిగింది ఇంకొకటే. నందీశ్ రాసిన కాయితాన్ని మడవబోతూ ఆగిపోయాడు. హనుమక్క మొగుడి మొహం చూసింది. అతను ఎవరి మొహమూ చూడలేదు. పడని వాన యెట్ల రాసేదప్పా అన్న మనిషి, గంట కూడా కాలేదు ఆ మాట అని.

శ్రీనివాసప్ప మొలతాడు దగ్గర తడిమాడు. ముడి గట్టిగా ఉంది, ఇరవైయేడేళ్ల ముడి. విప్పడానికి వేళ్లు చాలక పళ్లతో కొరికాడు. బీగంచెవిని తీసి గట్టు మీద, నా చెంబు పక్కన పెట్టాడు. గార్గి వైపు తిరిగాడు.

"చెప్తానమ్మా," అన్నాడు. "మా వదిన్ని లోపలికి పంపియ్యండి, అప్పుడు చెప్తా."

అందరూ నా వైపు చూశారు. నేను లేవలేదు.